యాది మళ్లీ మొలుస్తుందా?

"సారూ, మూలకణాలు ఎక్కిస్తే మా నాయినకు యాది మళ్లొస్తదా?"

ఆత్మకూరు బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఒక నడివయసు రైతు నన్ను అడిగాడు. నేను డాక్టర్ని కాను, సైన్సు సంగతులు రాసుకునేవాణ్ని అని చెప్పినా వదల్లేదు. "రాసేటోళ్లకు తెల్వకుంటే ఇంకెవ్వరికి తెలుస్తది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

వాళ్ల నాయినకు డెబ్బై దాటాయి. "పొద్దుగాల రొట్టె తిని చెయ్యి కడుక్కుంటడు. గడియ గాకముందే, ఏమమ్మా ఇయ్యాల రొట్టెలు చెయ్యలేదా అని నా పెండ్లాన్ని అడుగుతడు. గదే కుర్మూర్తి జాతర సంగతి అడుగుండ్రి. దేవుని చెప్పులు, ఉద్దాలు, ఏ తొవ్వల వచ్చేది, ఎవ్వరు మోసేది, ఏ యేడు వాన కొట్టింది, అన్నీ పూస గుచ్చినట్టు చెప్తడు." సెల్‌ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూపించాడు. పట్నంలో ఎక్కడో ఒక దవాఖానలో సూది ఇస్తారట, మతిమరుపు పోతుందట. "రెండెకరాలు తీసేస్తే సరిపోతది సారూ. తీసెయ్యాల్నా?"

ఒక చాయ్ తాగేంతలో చెప్పగలిగిన జవాబు కాదు. అప్పుడు నోటికొచ్చింది ఏదో చెప్పి బస్సెక్కాను. సరిగ్గా చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

గడప, అటక

ముందు ఆ పెద్దాయన సంగతి. నిన్న మొన్నటివి మరిచిపోయే మనిషికి అరవై ఏళ్ల కిందటి జాతర ఎలా గుర్తుంది? ఇంట్లోవాళ్లకు ఇది నటనలా కనిపిస్తుంది. "కావాలనే చేస్తున్నడు" అని విసుక్కునేవాళ్లను చూశాను. నటన కాదు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక్కో కణం వేల కణాలతో ముడిపడి ఉంటుంది. ఒక కణం మరో కణాన్ని అందుకునే ఈ చోటును శాస్త్రవేత్తలు సైనాప్స్ అంటారు. మనం నాడీముడి అందాం. జ్ఞాపకం ఏదో ఒక కణంలో డబ్బాలో పోసిన పప్పులా కూర్చుని ఉండదు. కణాల మధ్య ఏ ముడి గట్టిపడింది, ఏది వదులైంది అన్న అల్లికలో ఉంటుంది.

చెవుల పక్క భాగాన, మెదడు లోపలి అంచున, నీటిగుర్రం ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది. పేరు హిప్పోకాంపస్. దీన్ని గడప అనుకోండి. ఈరోజు జరిగిన ఏ సంగతైనా ఈ గడప దాటే లోపలికి పోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ పాత సంగతులు గడపను వదిలి ఇంటి అటక మీదికి, అంటే మెదడు పైపొరల్లోకి చేరుకుంటాయి. అల్జీమర్స్ జబ్బు ముందుగా దెబ్బకొట్టేది ఈ గడపను, దాని పరిసరాలను. అందుకే పొద్దున తిన్న రొట్టె లోపలికి చేరలేదు. ఉద్దాల ఉత్సవం ఎప్పుడో అటకెక్కింది కాబట్టి ఇంకా భద్రంగా ఉంది. జబ్బు ముదిరితే అటకా మిగలదు.

జబ్బుకు పేరిచ్చిన అలోయిస్ అల్జీమర్ జర్మన్ వైద్యుడు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగస్టా డేటర్ అనే 51 ఏళ్ల స్త్రీని చూశాడు. ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి, 1906లో తాను చూసింది నలుగురికీ చెప్పాడు. కణాల బయట గడ్డలు కట్టిన చెత్త, కణాల లోపల మెలిపడిన దారాలు. బయటి చెత్తను అమైలాయిడ్ అనీ, లోపలి దారాలను టౌ అనీ తర్వాత గుర్తించారు. ముందు ముడులు తెగుతాయి, తర్వాత కణాలే చస్తాయి. చివరికి మెదడు ఎండిన కొబ్బరిలా కుంచించుకుపోతుంది.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మంది ఇలాంటి మతిభ్రంశంతో ఉన్నారని 2023లో వచ్చిన జాతీయ అధ్యయనం లెక్క. అల్జీమర్స్ అందులో పెద్ద వాటా. మనం మాత్రం అందరినీ కలిపి చాదస్తం అనేసి ఊరుకుంటున్నాం.

చర్మం గీసుకుంటే వారంలో మానుతుంది. మరి మెదడు ఎందుకు మానదు? చర్మకణం పోతే కొత్తది పుడుతుంది. నాడీకణాలు దాదాపు అన్నీ పుట్టుకతో వచ్చినవే. అవే కడదాకా పనిచేయాలి. వాటి లోపల రోజూ జరిగే అరుగుదలను సరిచేసుకునే మరమ్మతు యంత్రాంగం ఉంది. వయసుతోపాటు ఆ మరమ్మతు ఎలా బలహీనపడుతుందో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు బృందం ఏళ్ల తరబడి పరిశోధించింది. కొత్త కణాలు పుట్టనప్పుడు బయటి నుంచి తెచ్చి నాటితే? మూలకణాల మీద ఆశ పుట్టింది ఈ ప్రశ్న నుంచే.

నల్లగుడ్డు చుట్టూ నారుమడి

రైతు పండించిన వడ్లన్నీ అమ్ముకోడు. కొన్ని విత్తనానికి తీసి పెడతాడు. శరీరమూ అంతే. కొన్ని కణాలను పనిలో పెట్టకుండా విత్తనంగా దాచుకుంటుంది. అలా దాచిన కణం రెండుగా చీలితే ఒకటి పనికి పోతుంది, రెండోది మళ్లీ విత్తనంగానే ఉండిపోతుంది. ఇదే మూలకణం. ఇంగ్లీషు పేరు స్టెమ్ సెల్ మనకూ అలవాటైపోయింది. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులే. అయినా రక్తం తరగడం లేదంటే ఎముకల మూలుగలో ఉన్న విత్తనాల చలవే.

ఈ విత్తనాలతో నిజంగా పంట తీసి చూపించిన చోటు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఉంది. సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ పేరుతో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన కంటి ఆసుపత్రి అది.

అద్దంలో మీ కన్ను చూసుకోండి. నల్లగుడ్డు తెల్లగుడ్డును కలిసే చోట ఒక సన్నని వలయం ఉంటుంది. కంటి ముందున్న పారదర్శకమైన పొరకు అదే నారుమడి. పొర మీద అరిగిన కణాల స్థానంలోకి ఈ వలయం నుంచి కొత్త నారు జరిగి వస్తూ ఉంటుంది. కంట్లో సున్నం పడిందనుకోండి, యాసిడ్ పడిందనుకోండి, నారుమడే కాలిపోతుంది. అప్పుడు తెల్లగుడ్డు పొర గట్టు దాటిన గరికలా నల్లగుడ్డు మీదికి పాకి చూపును మూసేస్తుంది. అలాంటి కంటికి ఎవరి నల్లగుడ్డు పొర తెచ్చి కుట్టినా నిలవదు. నారుమడి లేని పొలం కదా.

2001లో, అప్పట్లో ఇక్కడ వైద్యుడైన వీరేందర్ సంగ్వాన్, ప్రయోగశాలలో గీతా వేముగంటి కలిసి ఒక పని మొదలుపెట్టారు. రోగికే ఉన్న మంచి కంటి వలయం నుంచి చిన్న ముక్క తీసి, కాన్పులో వచ్చే మాయ మీది పలుచని పొరపై పెంచి, ఆ పొరను కాలిన కంటికి అతికించడం. పదేళ్లలో 200 మందికి చేసిన ఫలితాలను 2011లో ప్రచురించారు. నూటికి 71 మందిలో కంటి ఉపరితలం నిలబడింది.

దాని తర్వాత వాళ్లు చేసిన మార్పు నాకు ఇంకా ఇష్టం. ప్రయోగశాలలో నారు పెంచడం ఖరీదైన వ్యవహారం. అది లేకుండానే ఆ చిన్న ముక్కను మరీ చిన్న చిన్న తునకలు చేసి, మాయ పొర మీద నేరుగా కంట్లోనే నాటేశారు. నారుమడి దశ ఎత్తేసి చేనులోనే విత్తినట్టు. సంగ్వాన్, సయన్ బసు బృందం 2012లో ఈ పద్ధతిని ప్రపంచానికి చెప్పింది. తర్వాత 125 మందిపై ఇచ్చిన నివేదికలో నూటికి 76 మందిలో ఫలితం కనిపించింది. ప్రయోగశాల ఖర్చు లేకుండా ప్రయోగశాలతో సమానమైన ఫలితం. ఇప్పుడు ఇతర దేశాల కంటి వైద్యులూ దీన్ని చేస్తున్నారు.

"మరి కంటికి పనిచేసింది మెదడుకు ఎందుకు చేయదు?" అని రైతు అడిగి ఉండాల్సింది. అడగలేదు గానీ అసలు ప్రశ్న అదే. కంటి పొరలో ప్రతి కణమూ పక్క కణం లాంటిదే. ఏది ఎక్కడున్నా పరదాలా పరుచుకుంటే చాలు. ఎవరితోనూ ముడి వేసుకోనక్కర్లేదు, ఏదీ గుర్తుంచుకోనక్కర్లేదు. పైగా విత్తనం రోగిదే, పక్క కంట్లోనే ఉంది. నాటిన చోటు డాక్టరు కళ్ల ముందే కనిపిస్తూ ఉంటుంది. మెదడులో వీటిలో ఒక్క సౌకర్యమూ లేదు.

బెల్లం మళ్లీ చెరకైతే

మెదడు నుంచి ముక్క తీసి విత్తనం సంపాదించలేం. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం కొద్ది రోజుల వయసున్న మానవ పిండాల నుంచి ఏ కణంగానైనా మారగలిగే మూలకణాలను వేరుచేసి పెంచింది. పిండాన్ని చిదమవచ్చా అన్న గొడవ వెంటనే మొదలైంది.

ఆ గొడవను పక్కదారి పట్టించినవాడు జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక. చెరకు నుంచి బెల్లం చేస్తాం. బెల్లాన్ని తిరిగి చెరకు గడ చేయగలమా? ఆయన చేసింది అలాంటి పనే. 2006లో ఎలుక చర్మకణాల్లోకి నాలుగంటే నాలుగు జన్యువులను పంపి, అవి తాము చర్మమన్న సంగతి మరిచిపోయి పిండదశ మూలకణాల్లా మారేట్టు చేశాడు. 2007లో మనిషి కణాలతోనూ సాధించాడు. 2012లో జాన్ గుర్డన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. మరిచిపోవడం వల్ల మేలు జరిగిన సందర్భం మతిమరుపు మీద రాసే అధ్యాయంలో ఇదొక్కటే అనుకుంటాను.

అంటే ఇప్పుడు అల్జీమర్స్ రోగి చర్మం నుంచి చిటికెడు కణాలు తీసుకుని, వాటిని వెనక్కి నడిపించి, మళ్లీ ముందుకు నడిపించి, గాజుపళ్లెంలో అతని నాడీకణాలనే పెంచవచ్చు. జబ్బు ఎలా మొదలవుతుందో చూడవచ్చు, మందులు పోసి పరీక్షించవచ్చు. మూలకణాల వల్ల మతిమరుపు పరిశోధనకు ఇప్పటిదాకా దక్కిన గట్టి లాభం ఇదే. వీడియోల్లో దీని మాట ఎత్తరు. పళ్లెంలో పెరిగే కణాలను చూపించి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేరు కదా.

కాలువ నీళ్లు, మగ్గం పోగులు

ఆత్మకూరు మనిషికి జూరాల ప్రాజెక్టు గురించి చెప్పక్కర్లేదు. గేటెత్తితే కాలువలో నీళ్లు పారతాయి, ఆయకట్టు తడుస్తుంది. ఫలానా నీటిబొట్టు ఫలానా మొక్క వేరుకే పోవాలని ఎవరూ పట్టుబట్టరు. పారితే చాలు.

పార్కిన్సన్స్ జబ్బు కొంత ఇలాంటిది. మెదడు అడుగున నల్లగా కనిపించే ఒక చోట కొన్ని లక్షల కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి, కదలికలను నడిపే భాగానికి పారిస్తాయి. అవి చస్తే చేతులు వణుకుతాయి, అడుగు ముందుకు పడదు, ముఖం బిగుసుకుపోతుంది. చచ్చేది ప్రధానంగా ఒక రకం కణాలు, ఎండేది ఒక చోటు. కాబట్టి డోపమిన్ తయారుచేసే కణాలను ఎండిన చోటనే నాటితే?

1987లో స్వీడన్‌లోని లుండ్‌లో పిండాల మెదడు కణజాలంతో ఈ ప్రయత్నం మొదలైంది. కొందరు బాగా కోలుకున్నారు. కానీ అమెరికాలో గట్టి పరీక్ష పెట్టి 2001లో ఫలితాలు చెప్పినప్పుడు ఆశ కాస్త కుంగింది. వయసు మీరినవాళ్లకు పెద్దగా లాభం లేదు. కొందరిలో అదుపులేని కదలికలు మొదలయ్యాయి. గేటు ఎక్కువ ఎత్తితే పొలం మునిగినట్టన్నమాట.

చాలా ఏళ్లు ఆగి, ఈసారి యమనక బాటలో పెంచిన కణాలతో క్యోటో విశ్వవిద్యాలయంలో జున్ తకహాషి బృందం ఏడుగురి మెదళ్లలో నాటింది. రెండేళ్లు గమనించి 2025 ఏప్రిల్‌లో ఫలితాలు ప్రచురించింది. కణాలు బతికాయి, డోపమిన్ తయారుచేశాయి, కంతులు రాలేదు. ఫలితాన్ని కొలిచిన ఆరుగురిలో నలుగురికి మందు ప్రభావం లేని వేళల్లో కూడా కదలిక మెరుగైంది. అదే నెలలో అమెరికా, కెనడా వైద్యులు పిండ మూలకణాలతో పెంచిన కణాలను పన్నెండు మందికి నాటిన ఫలితాలూ వచ్చాయి. అవీ భద్రంగానే ఉన్నాయి. ఏడుగురు, పన్నెండుగురు. లెక్క చిన్నదే. కానీ పార్కిన్సన్స్ విషయంలో నేను ఆశావాదిని అని దాచకుండా చెబుతాను.

ఇక అల్జీమర్స్. ఇక్కడ కాలువ పోలిక పనికిరాదు. గద్వాల మగ్గం దగ్గరికి వెళ్దాం.

గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు కొత్త పడుగు తెచ్చి మగ్గం మీద గుట్టగా పోయడు. పాత పోగుల కొసలు మిగిల్చి ఉంచుతాడు. ఒక్కో పాత పోగుకు ఒక్కో కొత్త పోగును వేళ్లతో మెలేసి అతుకుతారు. వేల పోగులు, వేల అతుకులు. నాలుగో పోగును అయిదోదానికి అతికితే అంచు చెడుతుంది. కుటుంబమంతా నడుము వంచి కూర్చుంటే గాని తెమలని పని.

అల్జీమర్స్ మెదడులో తెగేది ఇలాంటి పడుగు. ఒక రకం కణం కాదు, ఎన్నో రకాలు. ఒక చోటు కాదు, గడప నుంచి అటక దాకా. కొత్త నాడీకణాలను సూదితో లోపలికి పంపితే అవి మగ్గం మీద పోసిన నూలు చిక్కులాంటివి. ఏ పోగు దేనికి అతకాలో వాటికి ఎవరు చెప్పాలి?

ఒకవేళ అతుకులన్నీ పడ్డాయే అనుకుందాం. కొత్త నూలుతో కొత్త చీర నేయగలం. కాలిపోయిన చీరలోని హంస, ఆ నెమలి కన్ను తిరిగి రావు. కొత్త కణం కొత్త పలక. పెళ్లినాటి సంగతి, కన్న బిడ్డ పేరు, పొలం గట్ల తగాదా, ఏదీ దాని మీద రాసి ఉండదు. అది మళ్లీ నేర్చుకునే శక్తిని ఇవ్వవచ్చునేమో గాని, పోయిన యాదిని తెచ్చివ్వలేదు. రైతు అడిగిన ప్రశ్నకు సూటి జవాబు ఇదే. చాయ్ దగ్గర నేను చెప్పకుండా తప్పించుకున్నదీ ఇదే.

ఇంకో చిక్కు నేలది. చౌడు పట్టిన మడిలో నారు చచ్చిందని కొత్త నారు తెచ్చి నాటితే ఏమవుతుంది? పార్కిన్సన్స్ రోగులకు ఎప్పుడో నాటిన పిండకణాలను వాళ్లు చనిపోయాక పరీక్షిస్తే, పదేళ్లకు పైగా బతికిన ఆ లేత కణాల్లో కూడా కొన్నిటికి అదే జబ్బు గుర్తులు కనిపించాయి. 2008లో ఇది బయటపడింది. చౌడు మెల్లగా కొత్త నారుకూ పట్టింది.

మరి ఎలుకల్లో జ్ఞాపకశక్తి పెరిగిందన్న వార్తలో? అవీ నిజమే. 2009లో కాలిఫోర్నియాలోని అర్వైన్ విశ్వవిద్యాలయంలో అల్జీమర్స్ లాంటి జబ్బు తెప్పించిన ఎలుకల మెదడులో మూలకణాలు నాటితే అవి దారులు బాగా గుర్తుపెట్టుకున్నాయి. విచిత్రమేమిటంటే చెత్త గడ్డలు తగ్గలేదు, మెలిపడిన దారాలూ తగ్గలేదు. నాటిన కణాలు ఒక పోషక పదార్థాన్ని వదిలాయి. దాంతో మిగిలి ఉన్న పాత కణాల ముడులు బలపడ్డాయి. మొక్కలుగా కాదు, ఎరువుగా పనికొచ్చాయి. అల్జీమర్స్‌లో మూలకణాలకు దారి ఉంటే ఈ ఎరువు దారే అని నా అంచనా.

మనుషుల్లో ఈ దారి ఎంతవరకు వచ్చింది? దక్షిణ కొరియాలో తొమ్మిది మంది రోగుల మెదడు గడప దగ్గరే బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన మూలకణాలను నాటి, 2015లో ఫలితాలు చెప్పారు. ప్రమాదం జరగలేదు. మతిమరుపు తగ్గనూ లేదు. అమెరికాలో సుమారు యాభై మందికి దానమిచ్చినవారి మూలుగ కణాలను నరంలోకి ఎక్కించిన ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి. భద్రమేనని తేలింది. మెదడు కుంచించుకుపోవడం కొంత నెమ్మదించినట్టు కనిపించింది. చిన్న గుంపు, చిన్న తేడా. పెద్ద ప్రయోగాలు జరిగితే గాని ఇది మందో, యాదృచ్ఛికమో తేలదు.

రెండెకరాల సూది

ఇప్పుడు ఆ వీడియో సంగతి. అలాంటి చోట్ల ఇచ్చేది సాధారణంగా మూలుగ నుంచో, పొట్ట కొవ్వు నుంచో, బొడ్డుతాడు నుంచో తీసిన కణాలు. ఎముక, కొవ్వు, కీళ్ల మృదులాస్థి వాటి వంశం. మెదడుకు పోయి నాడీకణాలుగా మారి కూర్చోవడం వాటి వల్ల కాదు. నరంలోకి ఎక్కిస్తే చాలా భాగం ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లోనే చిక్కుకుపోతాయి. దాటిన కొద్దిపాటికి మెదడు రక్తనాళాల గోడల కాపలా అడ్డుపడుతుంది.

"పోతే పైసలే పోతయి, పాణమైతే పోదు గదా" అంటారు. ఆ భరోసా కూడా లేదు. అరుదైన నాడీజబ్బు ఉన్న ఒక ఇజ్రాయెల్ బాలుడికి మాస్కోలో పిండ నాడీ మూలకణాలు ఎక్కించారు. కొన్నేళ్లకు అతని మెదడులో, వెన్నులో కంతులు మొలిచాయి. పరీక్షిస్తే ఆ కణాలు అతనివి కావు, దానమిచ్చిన పిండాలవి. 2009లో వైద్య పత్రికలో ప్రచురించిన ఉదంతం ఇది. విత్తనం గొప్పతనం పెరగడంలోనే ఉంది. ఆగమన్నప్పుడు ఆగకపోతే అదే కంతి.

మన దేశపు నియమాలు ఈ విషయంలో మెత్తగా ఏమీ లేవు. భారత వైద్య పరిశోధన మండలి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల పేరులో "పరిశోధన, చికిత్స" అని రెండు మాటలూ ఉండేవి. 2013లో "చికిత్స" అన్న మాటను కొట్టేశారు. మూలకణాలు ఇంకా రుజువైన చికిత్స కాదని స్పష్టం చేయడానికి. 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తవ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటి ఆమోదం పొందినవి తప్ప మిగతాదంతా ప్రయోగమే. ప్రయోగమైతే జాతీయ రిజిస్ట్రీలో, అంటే సీటీఆర్ఐలో, దానికి నమోదు సంఖ్య ఉండాలి. నీతి సంఘం అనుమతి ఉండాలి. రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగండి. ఇంత సులువైన పరీక్ష వైద్యంలో మరొకటి లేదు. రుజువైన చికిత్స కాదు కాబట్టి ప్రయోగమే కావాలి. ప్రయోగమైతే ఉచితంగా చేయాలి. లక్షలు అడిగారంటే అది రెండూ కాదు.

రెండు బాసల మనుషులు

మూలకణాలు కాని మరో సంగతి చెప్పాలి. అదీ హైదరాబాద్‌దే.

అప్పట్లో నిమ్స్ ఆసుపత్రిలో నాడీవైద్యురాలైన సువర్ణ అల్లాడి తన దగ్గరికి వచ్చిన 648 మంది మతిభ్రంశ రోగుల వివరాలు పరిశీలించారు. ఎడిన్‌బరో శాస్త్రవేత్తలతో కలిసి 2013లో ఫలితం ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు ఒకే భాషవాళ్ల కంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. విదేశాల్లో ఇలాంటి మాట అంతకుముందే విన్నారు. కానీ అక్కడ రెండు భాషలవాళ్లంటే ఎక్కువగా వలస వచ్చినవాళ్లు, చదువుకున్నవాళ్లు. ఫలితం భాషదా, చదువుదా అన్న అనుమానం ఉండేది. హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడటానికి బడికి పోనక్కర్లేదు, సంతకు పోతే చాలు. అక్షరం ముక్క రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. రెండు బాసల మధ్య రోజూ అటూ ఇటూ దూకే మెదడు కొన్ని పోగులు తెగినా పక్క పోగులతో నెట్టుకొస్తుందని అనుకుంటున్నారు.

ఇది చదివినప్పుడు నాకు ముంబై, పుణెల దాకా మట్టిపనికి పోయిన పాలమూరు కూలీలు గుర్తొచ్చారు. మరాఠీ, హిందీ, కన్నడం దేనికీ పలక పట్టలేదు. మేస్త్రీ తిట్లతో నేర్చుకున్నారు.

నాలుగున్నరేళ్లు. ఇవాళ దొరికే ఏ మందూ ఇంత కాలాన్ని ఇస్తానని చెప్పలేదు. లాన్సెట్ వైద్యపత్రిక సంఘం 2024లో మరో లెక్క చెప్పింది. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు మందగించడం, బీపీ, షుగరు, పొగ, తల దెబ్బలు, ఒంటరితనం వంటి 14 కారణాలను చక్కదిద్దగలిగితే దాదాపు సగం, నూటికి 45 వంతుల మతిభ్రంశాన్ని తప్పించవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చు. శుక్లం ఆపరేషను, చెవి మిషను, బీపీ బిళ్ల. వీడియో తీయడానికి ఒక్కటీ పనికిరాదు.

ఇక ఆ రైతు వాళ్ల నాయినకు అల్జీమర్సే అని ఎవరు తేల్చారు? నేను అడిగితే "ఎవ్వలకు సూపియ్యలే" అన్నాడు. బి12 విటమిన్ తగ్గినా మతిమరుపు వస్తుంది. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో ఆ విటమిన్ తగ్గడం మామూలే. థైరాయిడ్ మందగిస్తే వస్తుంది. భార్య పోయిన ముసలాయన దిగులు మతిమరుపులా కనిపిస్తుంది. బాత్రూంలో జారిపడి తలకు తగిలిన దెబ్బ, వారాల తర్వాత మెదడు మీద రక్తం గడ్డకట్టి మనిషిని మార్చేస్తుంది. నిద్రబిళ్లలూ చేస్తాయి. ఇవన్నీ నయం చేయగలిగినవి. రక్తపరీక్ష, ఒక స్కాన్ చాలు. 2022 నుంచి వనపర్తిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆత్మకూరు నుంచి బస్సెక్కితే పట్నం దాకా పోనక్కర్లేదు.

రెండెకరాలు తీసెయ్యాల్నా అన్న ప్రశ్నకు, వద్దు. ముందు మీ నాయినను వనపర్తి తీసుకుపోయి బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆ సూది ఇస్తామన్నవాళ్లకు ఫోన్ చేసి సీటీఆర్ఐ నంబరు అడగండి. నంబరు చెప్పకుండా రేటు చెబితే ఫోన్ పెట్టేయండి.